పులియంగుడి దాకా నిద్ర

నూలు వడికే రింగ్ ఫ్రేమ్ షెడ్డులో ఒక చెవి పోతే పక్కనున్నవాళ్ళకు తెలియదు. పోగొట్టుకున్న మనిషికే తెలియదు. నా సంగతి అట్లాగే అయింది.

ఇప్పుడు మిల్లులో కొత్తగా చేరే ఆడపిల్లలు దోవలో నన్ను చూస్తే నిలబడి, "మేస్త్రీ అక్కా, మీరు తలకు కరెంటు పెట్టించుకుంటూనే షిఫ్టుకు వచ్చినారంట, నిజమా?" అని అడుగుతారు. ఎవరో వాళ్ళకు నన్ను పెద్ద వీరురాలిని చేసి చెప్పిపెట్టినారు. వీరమూ లేదు, శూరమూ లేదు తల్లీ. జరిగింది జరిగినట్టు వింటే మీకు నవ్వే వస్తుంది. రానీ. నవ్వుకునేదానికే చెప్తున్నాను.

నేను రాజపాళయంలో ఒక నూలు మిల్లులో సైడర్‌గా చేరినాను. సైడర్ అంటే రింగ్ ఫ్రేము పక్కనే అటూ ఇటూ నడుస్తా, ఎక్కడ దారం తెగితే అక్కడ వేలితో అతికించే మనిషి. కొన్ని సంవత్సరాలకు కొత్త పిల్లలకు పని నేర్పించే మేస్త్రీని చేసినారు. ఆ షెడ్డులో నోటికి పని లేదు. అన్ని కదుర్లు ఒకేసారి తిరుగుతా ఉంటే పక్కనే బాంబు పేలినా వినపడదు. అందుకని మేమంతా చేతులతోనూ ముఖంతోనూ మాట్లాడుతాము. మీసం మెలేసినట్టు వేళ్ళు తిప్పితే స్పిన్నింగ్ మాస్టర్ వస్తున్నాడని. ఐదు వేళ్ళు కూర్చి నోటి దగ్గర పెడితే తిన్నావా అని. పెదవులు ఆడితే చాలు, సగం షెడ్డు అవతల ఉన్నా ఏం చెప్తున్నారో చదివేస్తాము. మా అత్తగారిని గురించి నేను తిట్టుకున్నవన్నీ ఆ షెడ్డులో అందరూ చదివినవే.

అట్లాంటి చోట ఎడమ చెవి మెల్లమెల్లగా మూసుకొని పోతే నాకెట్లా తెలుస్తుంది? తెలిసింది ఇంట్లో. అదీ మా ఇంటాయన పుణ్యమా అని.

ఆయన ఆస్పత్రులకు కట్టు బట్ట చేసే యూనిట్‌లో ప్యాకింగ్ పని చేస్తా ఉండినాడు. పని ముగించుకొని వచ్చి నాకు ఎడమ పక్క కూర్చొని అన్నం తినేది ఆయన వాడుక. కొన్నాళ్ళుగా ఆయన ఏదో అడగడం, నేను పలకకపోవడం. నాకు కోపమని ఆయన అనుకున్నాడు. ఏ తప్పు చేసినాడో ఆయనకే అంతు పట్టలేదు. సరే, ఎందుకైనా మంచిదని దినమూ ఒక మూర మల్లెపూలు తెచ్చి గమ్మున అలమారు మీద పెట్టేవాడు. మగవాడు అడగకుండానే పూలు తెస్తా ఉంటే ఎవరు కారణం అడుగుతారు? నేను తలలో పెట్టుకొని హాయిగా పనికి పోతా ఉండినాను.

ఒక దినం ఉండబట్టలేక అడిగేసినాడు. ఈసారి ఎదురుగా నిలబడి.

"ఏమే, నా మీద కోపం ఇంకా పోలేదా?"

"ఏ కోపం?"

"అడిగితే పలకవు కదా! నిన్న పులుసు రెండు తూరులు అడిగినాను."

"ఎప్పుడు అడిగినారు?"

ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆయన పక్కకు వచ్చి నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి ఏదో గొణిగినాడు.

"ఇప్పుడేం చెప్పినాను?"

"ఏం చెప్పినారు?"

"నీ సాంబారు మా అమ్మ సాంబారులా ఉండదని చెప్పినాను" అన్నాడు. ఎన్ని సంవత్సరాలుగా దాచిపెట్టుకొని ఉన్నాడో పాపం. మంచి చోటే చూసి చెప్పినాడు.

నవ్వుకున్నాము కానీ, నవ్వు ముగిసినాక ఇద్దరికీ భయం పట్టుకుంది. ఎందుకంటే చెవి ఒకటే కాదు. ఫ్రేముల మధ్య సందులో నడుస్తా ఉంటే నా కాళ్ళు ఎడమ పక్కకే లాగుతా ఉండినాయి. లేచి నిలబడితే నేల రవ్వంత ఊగేది. వయసు అనుకున్నాను, ఎండ అనుకున్నాను, తినకుండా పోయినందుకు అనుకున్నాను. ఇంక అనుకునేదానికి ఏమీ మిగల్లేదు. ఇక్కడ చెవి డాక్టర్ చూసి, మదురై పోయి స్కాన్ తీయించండి అన్నాడు.

మదురైలో రేడియేషన్ పెట్టే డాక్టరమ్మ చాలా ఓపిక మనిషి. మేము మాట్లాడిందంతా తమిళంలోనే, నేను మీకోసం మన మాటలో చెప్తున్నాను. స్కాన్ బొమ్మను వెలుతురుకు పట్టి, చెవి నుంచి మెదడుకు పోయే నరం మీద ఒక చిన్న గడ్డ చూపించింది. దాని పేరు అకూస్టిక్ న్యూరోమా అంట.

"కేన్సర్ కాదమ్మా. అది మొదట మనసులో పెట్టుకోండి. మెల్లగా పెరిగే రకం. ఆపరేషన్ చేసి తీయొచ్చు. లేదా రేడియేషన్ పెట్టి పెరగకుండా ఆపొచ్చు. మీది చిన్నది కాబట్టి నేను రేడియేషనే చెప్తాను."

"చెవి తిరిగి వస్తుందా?" అని మా ఇంటాయన అడిగినాడు.

"పోయింది రాదు. ఉండేది కాపాడుదాము." ఆమె నా వైపు తిరిగింది. "దీని పక్కనే ముఖాన్ని కదిలించే నరం పోతుంది. దానికి ఏమీ కాకుండా చూసుకోవడమే మా ముఖ్యమైన పని. చాలామందికి ఏమీ కాదు. కానీ చెప్పకుండా ఉండకూడదు కదా, చెప్తున్నాను."

చెవి పోయిందంటే నేను ఏడవలేదు. ముఖం అన్నాక చేత్తో చెంప తడుముకున్నాను. ఆమెకు ఎట్లా చెప్పేది? షెడ్డులో నా ముఖమే నా నోరు. కనుబొమ్మ ఎత్తితే ఒక మాట, పెదవి విరిస్తే ఒక మాట. ముఖం ఒక పక్క పడిపోతే నేను ఆ షెడ్డులో మూగదాన్ని అయిపోతాను.

వారానికి ఐదు దినాలు, కొన్ని వారాలు పోవాలన్నారు. మదురైలో చుట్టాల ఇంట్లో ఉండమని ఆయన అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడే ఒక కొత్త బ్యాచ్ పిల్లలు నా చేతికింద ఉండినారు. మిల్లులో పొడుగాటి కొత్త ఫ్రేములు దించి ఉండినారు. ఆ ఫ్రేములు ఈ పిల్లలకు ఇస్తారా, బయట రాష్ట్రం నుంచి మనుషులను తెచ్చి పెడతారా అని తేలకుండా ఉంది.

నేను స్పిన్నింగ్ మాస్టర్ దగ్గరికి పోయి విషయం చెప్పినాను. ఆయన కోయంబత్తూరు పక్క మనిషి. దొడ్డ మీసం, దానికన్నా దొడ్డ గొంతు, లోపల మాత్రం అరిటిపండు.

"నాలుగు నెలలు లీవు తీసుకో అమ్మా. బ్యాచ్‌ను తర్వాత చూసుకుందాం" అన్నాడు.

"తర్వాత అంటే ఈ ఫ్రేములు ఉంటాయా సార్?"

ఆయన మీసం తడుముకున్నాడు. అంటే ఉండవని.

"పొద్దున మదురై పోయి వచ్చేస్తాను. మధ్యాహ్నం షిఫ్టుకు వస్తాను."

"డాక్టర్ ఏం చెప్పినారు?"

"తిరిగే మెషిన్ దగ్గరికి పోకూడదు, ఎక్కేది దిగేది చేయకూడదు అన్నారు. గోడ పక్కన నిలబడి నేర్పిస్తాను."

"నిలబడి కాదు. కూర్చొని." ఆయన గొంతు షెడ్డు బయట కూడా షెడ్డులో అరిచినట్టే ఉండేది. "స్టూలు వేయిస్తాను. అందులోంచి లేచినావంటే ఆ పొద్దే లీవు."

సరే అన్నాను. స్టూలు వేసినారు. నేను దాని మీద ఎంత సేపు కూర్చున్నానో ఆ స్టూలునే అడగాలి.

మన పక్క రేడియేషన్ అని ఎవరూ అనరు కదా, కరెంటు పెట్టడం అంటారు. ఆ మాట షెడ్డులో చుట్టి వచ్చేసరికి వేరేది అయిపోయింది. రెండో దినం పోతే ఆడవాళ్ళంతా నాకు దోవ వదిలి నిలబడినారు. టీ గ్లాసు చేతికి ఇవ్వకుండా బెంచీ మీద పెట్టి జరుపుతున్నారు. నాకు అర్థం కాలేదు. బ్యాచ్‌లో చోళపురం పిల్ల ఒకటి ఉండేది, బెదురు ఎక్కువ, మనసు మంచిది. అది రబ్బరు చెప్పులు వేసుకొని వచ్చి, ఒక వేలు చాచి, నా మోచేతిని అట్లా ముట్టి ఇట్లా తీసేసింది.

"ఏమే, ఏం చేస్తున్నావు?"

"షాక్ కొట్టలేదక్కా!" అని వెనక్కి తిరిగి అందరికీ చేతులు ఊపి చెప్పింది.

ఆ తర్వాతనే టీ చేతికి వచ్చింది.

మదురైలో పని చిన్నదే. మొదటి దినం వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడ లాంటిది తెచ్చి ముఖం మీద పరిచినారు. రవ్వంత సేపట్లో అది గట్టిపడి నా ముక్కూ నోరూ అచ్చు గుద్దుకుంది. దినమూ ఆ ముసుగు వేసి బల్లకు బిగిస్తారు. తల వెంట్రుక వాసి కదలదు. మెషిన్ తల చుట్టూ తిరుగుతుంది. నొప్పి లేదు, మంట లేదు. పడుకున్నంత సేపు నేను మనసులో పిల్లలకు దారం అతికించడం నేర్పించేదాన్ని.

మెషిన్ చూసుకునే ఆయన నన్ను అమ్మా అమ్మా అనేవాడు. "మాట్లాడేదానికి కుదరదు, ఏదైనా కావాలంటే చెయ్యి ఎత్తండి, మేము కెమెరాలో చూస్తా ఉంటాము" అన్నాడు. ఒక దినం ఆయన ముఖం చూస్తే వాడిపోయి ఉంది. బిగించేసి బయటికి పోయినాడు. నేను ఆలోచించకుండా చెయ్యి ఎత్తి, ఐదు వేళ్ళు కూర్చి, నోటి దగ్గరికి ఆడించినాను. దబదబమని పరిగెత్తి వచ్చినాడు. ముసుగు విప్పి, "ఏమైందమ్మా? ఊపిరి ఆడలేదా?" అన్నాడు, చెమటలు కారుతా.

"ఏమీ లేదు. పొద్దున తిన్నావా అని అడిగినాను."

ఆయన తలుపుకు ఆనుకొని చెమట తుడుచుకున్నాడు. "తినలేదమ్మా" అన్నాడు. తర్వాత ఇద్దరమూ నవ్వినాము. ఆ పొద్దు నుంచి లోపలికి పోతానే, "తినేసినానమ్మా, ఇంక చెయ్యి ఎత్తొద్దు" అని ఆయనే ముందు చెప్పేవాడు.

వాపు రాకుండా ఇచ్చిన మాత్రలు వేరే కథ. అవి మింగితే ఆకలి కాదది, రాక్షసి. బస్టాండులో నాలుగు ఇడ్లీలు, మిల్లు గేటు దగ్గర రెండు వడలు, షెడ్డులో పిల్లల టిఫిన్ డబ్బాలలో తలా ఒక ముద్ద. తళవాయిపురం నుంచి వచ్చే పిల్ల ఒకటి ఉండేది, మాట తక్కువ, చూపు ఎక్కువ. అది ఏమీ అడగకుండా దినమూ రెండు డబ్బాలు తేవడం మొదలుపెట్టింది. ఒకటి దానికి, ఒకటి మేస్త్రీ అక్కకు. ఆ మాత్రలకు కోపం కూడా దండిగా వస్తుంది. ఒక దినం మా ఇంటాయనతో కొబ్బరి చట్నీ విషయంలో జగడం పెట్టుకొని బస్సు ఎక్కినాను. ఇప్పుడు ఎంత ఆలోచించినా ఆ చట్నీలో ఏం లోపమో గుర్తు రాదు.

మొదటి వారాలు బాగానే గడిచినాయి. అలసట వెంటనే రాదు, అప్పు ఇచ్చిన చుట్టంలా కొన్నాళ్ళు ఆగి వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. నేను వినలేదు. వినిపించే చెవిలోనే చెప్పింది, అయినా వినలేదు. వచ్చినాక తెలిసింది. కూర్చుంటే లేవబుద్ధి కాదు, లేస్తే నడవబుద్ధి కాదు. చెవి వెనకాల ఒక చోట వెంట్రుకలు కూడా రాలినాయి. కొప్పు కిందికి దించి కట్టుకున్నాను.

"రవ్వంత నిదానించవే" అని మా ఇంటాయన బతిమాలినాడు.

"ఆ పిల్లలకు నేను లేకపోతే చెయ్యి ఆడదు" అన్నాను.

నిజంగానే అట్లా నమ్మినాను. స్టూలు మీదనుంచి చూస్తా ఉంటే దారం తెగుతుంది, పిల్ల చెయ్యి తడబడుతుంది. నాకు ఉండబట్టదు. లేచి చేతులు ఊపి, ముఖం అష్టవంకర్లు తిప్పి, ఇట్లా పట్టు, అట్లా కాదు అని చెప్పేస్తాను. మాస్టర్ కనపడితే మళ్ళీ స్టూలు మీదికి.

అప్పుడు మాస్టర్ చెప్పినాడు. తిరుప్పూరు నుంచి నూలు కొనేవాళ్ళు వస్తున్నారు, కొత్త ఫ్రేముల మీద నీ బ్యాచే నడపాలి, వాళ్ళ ఎదుట పని బాగుంటే ఫ్రేములు నీ పిల్లలకే, లేకుంటే నా చేతిలో లేదు అని. మధ్యాహ్నం షిఫ్టులో వస్తారంట.

"ఆ పొద్దు నువ్వు మదురై పోకుండా ఉండగలవా?"

"ఒక దినం కూడా తప్పకూడదు అన్నారు సార్. పోయి షిఫ్టుకు ముందే వచ్చేస్తాను. ఏ పొద్దైనా ఆలస్యంగా వచ్చినానా?"

రాలేదు. అందుకే ఆయన నమ్మినాడు.

ఆ దినం కరెంటు ముగించుకొని మదురైలో తెన్‌కాశి పోయే బస్సు ఎక్కినాను. అది రాజపాళయం మీదనే పోతుంది. ఎప్పుడూ నేను ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చుంటాను. అప్పుడు పనిచేసే కుడి చెవి మనుషుల వైపు ఉంటుంది. ఆ పొద్దు బస్సు నిండిపోయి కుడి పక్క కిటికీయే దొరికింది. సరే అని కూర్చున్నాను. గాలి చల్లగా తగిలింది. తల కిటికీకి ఆనించినాను. తర్వాత నాకు తెలిసింది, ఒక పెద్దామె నా తొడ తట్టి లేపడమే.

"అమ్మా, పులియంగుడి వచ్చింది. మీరు ఎక్కడ దిగాలి?"

"ఇంకా రాజపాళయం రాలేదా?" అని అడిగినాను.

బస్సంతా నవ్వింది. కిటికీ బయట నిమ్మకాయల మూటలు. రాజపాళయం దాటి ఊర్లకు ఊర్లు వెనక్కి పోయినాయి.

కండక్టర్‌కు ఏడుపు ఒకటే తక్కువ. "రాజపాళయం రాజపాళయం అని మీ పక్కనే నిలబడి గొంతు చించుకున్నాను కదమ్మా! సగం బస్సు దిగింది, మీరు కదల్లేదు."

"ఏ పక్క నిలబడి అరిచినారు?"

"ఈ పక్కనే."

"ఆ చెవి నాకన్నా ముందే రిటైరైపోయిందన్నా" అన్నాను. కుడి చెవిని కిటికీకి ఆనించి మూసేసినాను, మిగిలినది ఎడమదే. ఇంక ఆయన అరిచి ఏం లాభం?

విషయం చెప్తే ఆయన ముఖం మారిపోయింది. నన్ను చెయ్యి పట్టుకొని దించి, టీ కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి, తిరుగు బస్సు వస్తే ఎక్కించమని కొట్టు ఆయనతో చెప్పి మరీ పోయినాడు.

ఫోన్ తీసి మాస్టర్‌కు కొట్టినాను. ఎత్తలేదు. షెడ్డులోకి ఫోన్లు పోవు, పిల్లలకు చెప్పే దోవ లేదు. మా ఇంటాయనకు కొట్టినాను.

"ఎక్కడున్నావు?"

"పులియంగుడిలో."

"అక్కడ ఎవరున్నారు మనకు?"

"ఎవరూ లేరు. నిద్రపోయినాను."

తిడతాడనుకున్నాను. నవ్వుతున్నాడు. ఊపిరి ఆడకుండా నవ్వుతున్నాడు. "అబ్బా, ఇన్ని వారాలకు నిద్రపోయినావా" అన్నాడు. "గమ్మున కూర్చో. టీ తాగు. షిఫ్టు నువ్వు లేకున్నా మొదలవుతుంది."

ఆ మాటకు నాకు మొదట ఒళ్ళు మండింది. తర్వాత టీ వచ్చింది. నిమ్మకాయల వాసన, ఎండ, పోయే బండ్లు. నేను చేసేది ఏమీ లేదు. పరిగెత్తినా పులియంగుడి రాజపాళయం కాదు కదా. కొన్ని వారాలుగా ఏమీ చేయకుండా కూర్చున్నది అదే మొదటిసారి. టీ అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంకొకటి అడిగినాను.

తిరుగు బస్సు వచ్చి, రాజపాళయంలో దిగి, షేర్ ఆటో పట్టి మిల్లు చేరేసరికి షిఫ్టు మొదలై చాలా సేపు అయింది. గేటు లోపల తెలియని కార్లు రెండు నిలబడి ఉండినాయి. షెడ్డు తలుపు దాకా పోయి అక్కడే ఆగిపోయినాను.

కొత్త ఫ్రేములు తిరుగుతున్నాయి. తెల్లచొక్కాలు వేసుకున్న నలుగురు, వాళ్ళ పక్కన మాస్టర్. నా పిల్లలు ఫ్రేముల పక్కన నడుస్తున్నారు. వాళ్ళ మధ్యలో, నేను నిలబడే చోటనే, తళవాయిపురం పిల్ల నిలబడి ఉంది. మాట తక్కువ పిల్ల. అది కనుబొమ్మలు ఎత్తుతా, పెదవి విరుస్తా, చేతులు ఊపుతా ఉంది. అచ్చం నేనే. తల ఒక పక్కకు వాల్చే అలవాటు కూడా ఎత్తుకొని పోయింది. అది చెవి సరిలేక నేను చేసేదని దానికి తెలియదు, పనిలో ఒక భాగమనుకుంది.

నేను చూస్తా ఉండగానే చోళపురం పిల్ల ఫ్రేములో ఒకే చోట వరసగా దారాలు తెగినాయి. తెల్లచొక్కాలు అటు తిరిగినాయి. ఆ బెదురు పిల్ల చెయ్యి ఆగిపోయింది. నా కాలు దానంతట అదే ముందుకు పడింది. నేనైతే పోయి దాని చేతిలోంచి దారం లాక్కొని నేనే అతికించేసి ఉండేదాన్ని. తళవాయిపురం పిల్ల కదల్లేదు. నిలబడిన చోటనుంచే దాని కళ్ళలోకి చూసి, అరచెయ్యి కిందికి దించింది. నిదానం అని. తర్వాత ఒక వేలు చూపించింది. ఒక్కొక్కటిగా అని. చోళపురం పిల్ల ఊపిరి పీల్చుకుంది. ఒకటి అతికించింది. ఇంకొకటి. ఇంకొకటి. తెల్లచొక్కాలలో ఒకాయన సెల్‌ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు.

నేను తలుపు చట్రాన్ని పట్టుకొని నిలబడినాను. కళ్ళు నిండినాయి. బాధ కాదు. పెద్ద మూట ఒకటి ఇంత దూరం మోసుకొని వచ్చి, దించుదామని చూస్తే, ఎవరో అప్పటికే దించుకొని విప్పి సర్దేసినట్టు ఉండింది.

తళవాయిపురం పిల్ల నన్ను చూసింది. ఎక్కడికి పోయినావు, ఏమైంది అని ఏమీ అడగలేదు. ఐదు వేళ్ళు కూర్చి నోటి దగ్గర పెట్టింది. తిన్నావా?

లేదని తల ఊపినాను.

అది క్యాంటీన్ వైపు వేలు చూపించింది. పో, మేము చూసుకుంటాము అని.

తిరగబోతే మాస్టర్ ఎదురు వచ్చినాడు. వచ్చినవాళ్ళ ఎదుట అరవకూడదు కాబట్టి పెదవులతోనే అడిగినాడు.

"ఎక్కడికి పోయినావు?"

"పులియంగుడికి."

"దేనికి?"

"నిద్రపోయేదానికి."

ఆయన మీసం కింద నవ్వు దాచుకోలేక తిరిగి నిలబడినాడు. నేను క్యాంటీన్‌కు పోయి రెండు ప్లేట్లు ఉప్మా తిన్నాను. ఆ పొద్దు అది మాత్రల ఆకలి కాదు.

కార్లు పోయినాక పిల్లలంతా క్యాంటీన్‌లోకి దూరినారు. ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు. చోళపురం పిల్ల నా కుడి పక్క కూర్చొని చెయ్యి పట్టుకుంది.

"మాకు తెలుసక్కా. మీరు కావాలనే రాలేదు. మమ్మల్ని ఒంటిగా నిలబెట్టి చూసేదానికే కదా?"

అవును అని చెప్పేద్దామా అని ఒక క్షణం ఆశ పడినాను. ఎంత గొప్పగా ఉంటుంది! కానీ నిజం చెప్పినాను. బస్సు, కిటికీ, కండక్టర్, నిమ్మకాయలు, అన్నీ. వాళ్ళు నవ్వినారే కానీ ఒక్కరూ నమ్మలేదు. "అవునవును, నిద్రపోయినారంట" అని ఒకరినొకరు పొడుచుకున్నారు. మీకు నన్ను గురించి వీరకథ ఎక్కడనుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

మరునాడు నేనే మాస్టర్ దగ్గరికి పోయినాను. మిగిలిన వారాలు సగం షిఫ్టే వస్తానని చెప్పినాను. తళవాయిపురం పిల్లను నాకు జోడీగా వేయమని అడిగినాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "కరెంటు బాగా పని చేస్తా ఉంది" అన్నాడు. ఫ్రేములు పిల్లలకే ఇచ్చినారు.

ఆ తర్వాత నేను స్టూలు మీద నిజంగానే కూర్చున్నాను. షిఫ్టుకు ముందు ఇంట్లో ఒక కునుకు తీసి, సగం షిఫ్టు ముగించుకొని వచ్చినాక మేడ మీద గోడ పట్టుకొని నేరుగా నడిచే అభ్యాసం చేసేదాన్ని. మా ఇంటాయన వెనకాలే నడుస్తా, "ఎడమకు పోతున్నావు, ఎడమకు పోతున్నావు" అని డ్రైవింగ్ నేర్పించినట్టు చెప్పేవాడు. కొన్నాళ్ళకు గోడ వదిలేసినాను. చెవి రాలేదు. అందులో ఇప్పటికీ ఒక మోత ఉంటుంది, షెడ్డులో పైన తిరిగే బ్లోవర్ లాంటిది. అలవాటైన మోతే, ఇబ్బంది లేదు. ముఖానికి ఏమీ కాలేదు. దేవుడి దయ, డాక్టరమ్మ చెయ్యి.

మీలో ఎవరికైనా ఇట్లాంటిది వస్తే నేను చెప్పేది ఒకటే. పని వదలొద్దు, వదలమని నేను చెప్పను. పనిలో ఉంటేనే నాకు తలలో గడ్డ గుర్తుకు రాలేదు. కానీ పనిని ఒక్క చేత్తోనే పట్టుకోండి. ఇంకో చెయ్యి పక్కవాళ్ళకు ఇవ్వండి. వాళ్ళు పట్టుకుంటారు. మనం అనుకున్నదానికన్నా గట్టిగా పట్టుకుంటారు.

అన్నీ ముగిసి, చెప్పినంత కాలం ఆగి, మళ్ళీ స్కాన్ తీసినారు. డాక్టరమ్మ పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూసింది. మా ఇంటాయన కుర్చీ అంచుకు జరిగినాడు.

"పెరగలేదు" అన్నది.

"పోలేదా?" అన్నాడు ఆయన.

"పోదు. ఇట్లాగే ఉండిపోతే అదే మనకు గెలుపు. సంవత్సరానికి ఒక తూరి చూసుకుందాము. ఇంకేమైనా అడగాలా?"

ఆయన నా వైపు ఒక తూరి చూసి, గొంతు సవరించుకున్నాడు. "ఆ మాత్రలు ఆపి చాలా దినాలైంది డాక్టరమ్మా. కోపం మాత్రం ఇంకా పోలేదు. దానికి ఏమైనా..."

"దానికి మా దగ్గర మెషిన్ లేదు" అన్నది ఆమె.

ముగ్గురమూ నవ్వినాము. బయట కూర్చున్నవాళ్ళు తలుపు వైపు చూసినారు, ఆస్పత్రిలో ఇంత నవ్వు ఏమిటని.

బయటికి వచ్చినాము. ఎండ బాగా కాస్తా ఉంది. షిఫ్టుకు పోయేదానికి ఇంకా సమయం ఉంది. కానీ నాకు పోబుద్ధి కాలేదు. మదురైకి ఇన్ని తూరులు వచ్చినాను, ఆస్పత్రి, బస్టాండు తప్ప ఏమీ చూడలేదు. ఇంటాయనతో ఆ పొద్దంతా ఊరు తిరగాలని ఉంది. మాస్టర్‌కు ఫోన్ కొట్టినాను.

"సార్, ఈ పొద్దు నాకు లీవు కావాలి."

ఆయన గొంతు తగ్గిపోయింది. "ఏమ్మా? ఒంట్లో బాగలేదా?"

"లేదు సార్" అన్నాను. "బాగుంది. అందుకే."